ఏడో నంబర్ పీపా

"నలుగురు మనుషులు, ఓబళప్పా. నలుగురూ నోరు జారనోళ్ళే. నలుగురూ పావగడ తాలూకాలో ఒకే చోటికి పోయినారు, ఒకే సారా రుచి చూసినారు, బెంగుళూరికి తిరిగొచ్చినారు. నెల తిరక్కముందే వాళ్ళకు మాత్రమే తెలిసిన సీక్రెట్లు దేశం దాటిపోయినాయి."

చీఫ్ నరసింహయ్య నాలుగు ఫోటోలు టేబుల్ మీద పరిచాడు. అది 1987 ఆగస్టు. బయట బోర్డు మీద పట్టుపురుగుల లెక్కల ఆఫీసని రాసి ఉంటుంది. లోపల ఒక్క పట్టుపురుగు కూడా లేదు. ఉన్నవాళ్ళంతా దేశానికి కళ్ళూ చెవులూ అయిన మనుషులు. ఓబళప్ప ఒక్కడే నాలుక.

నవ్వకండి, నిజంగానే నాలుక. ఒకప్పుడు కాఫీ టేస్టర్. చుక్క నాలుక మీద పడితే చాలు, గింజ ఏ కొండది, నీళ్ళు ఏ బావివి, మధ్యలో ఎవడేం కలిపాడు, అన్నీ చెప్పేస్తాడు. ఆ నాలుక వల్ల ఇప్పటికి ముగ్గురు మంత్రుల ప్రాణాలు దక్కాయి. మంత్రులకు ఆ సంగతి తెలియదు.

"ఇంటరాగేషన్‌లో ఏం చెప్పినారు సార్?"

"అదే కదా తలనొప్పి! ఎవరికీ ఏమీ గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే." చీఫ్ గొంతు తగ్గించాడు. "చచ్చిపోయినవాళ్ళు వచ్చి పక్కన కూర్చున్నారంట. ఒకాయనకు వాళ్ళమ్మ. ఇంకొకాయనకు పెండ్లాం. కడుపారా మాట్లాడుకున్నామంటారు. ఏం మాట్లాడినారయ్యా అంటే ఏడుస్తారు."

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఓబళప్ప నాలుగు ఫోటోలూ బోర్లా తిప్పి పెట్టాడు.

చీఫ్ బ్రీఫింగ్ కొనసాగించాడు. వై.ఎన్. హొసకోట దాటినాక ఒక ఎస్టేట్ ఉంది. ఓనర్ రఫాయెల్ అనే విదేశీయుడు. గట్ల మీద కంచెకు వేసే కిత్తనారను ఎకరాలకెకరాలు నాటించాడు. దాని గడ్డను ఉడకబెట్టి, పిండి, పులియబెట్టి సారా తీస్తాడు. వాళ్ళ దేశంలో దాన్ని టెకీలా అంటారు. తీసిన సారాను గోవా నుంచి తెప్పించిన పాత వైన్ పీపాల్లో పోసి పండబెడతాడు. పెద్ద పెద్దవాళ్ళను పిలిచి రుచి చూపిస్తాడు.

"నోరు తెరిపించే ఆ మందు సారాలో ఉండాదో, గ్లాసులో ఉండాదో, గాలిలో ఉండాదో కనుక్కో. శనివారం పదకొండు గంటలకు టేస్టింగ్. నువ్వు మిస్టర్ రావు, బొంబాయి లిక్కర్ కంపెనీ టేస్టర్. ఇదిగో మీసం. ఇది రేడియో పెన్ను. ఇది అంగిలి."

"అంగిలా?"

"రబ్బరు అంగిలి. లోపల స్పాంజి. పై దవడకు అతికించుకో. తాగిందంతా పీల్చుకుంటాది. నాలుకకు రుచి తగులుతాది, కడుపులోకి చుక్క పోదు. ఎస్టేట్ గేటు బయట మన టీమ్ బోరు లారీతో ఉంటాది. బోరు వేసేవాళ్ళ మాదిరి. నువ్వు కోడ్ వర్డ్ చెప్పిన నిమిషంలో లోపలుంటారు."

"కోడ్ వర్డ్?"

"'నీళ్ళు పడినాయి.'"

వరసగా మూడో ఏడు కరువు. ఆ తాలూకాలో ఆ మాటకుండే బరువు బెంగుళూరు చీఫ్‌కు ఏం తెలుసు! హొసకోటలో పుట్టిన ఓబళప్పకు తెలుసు. కానీ ఆయన మనసు వేరే చోట ఉంది.

"ఇంకొక మాట," అన్నాడు చీఫ్. "రఫాయెల్ ముఠాలో మన మనిషి ఉండాది. కోడ్ పేరు కోయిల. ఆ కోయిల ఎవరో నీకొక్కడికే తెలుసు. నాకు చెప్పొద్దు. అక్కడ మాత్రం ఎవరొచ్చి అడిగినా, పైనుంచి దిగొచ్చి అడిగినా, చెప్పొద్దు. నీ నోట్లోంచి ఆ పేరు వస్తే ఆ మనిషి మిగలదు."

ఎవరొస్తారో ఓబళప్పకు బాగా తెలుసు. చిన్నన్న వస్తాడు.

రెండేళ్ళ కింద ఇదే ముఠా వెనక పడి, అరసికెరె దగ్గర గుట్ట కింద, ఓబళప్ప పార్ట్‌నర్ చిన్నన్న చచ్చిపోయాడు. రిపోర్టులో ఒకటే లైను: "తూటా తగిలిన క్షణంలో ప్రాణం పోయింది." ఆ లైను రాసింది ఓబళప్ప. అది అబద్ధమని తెలిసినవాడూ ఓబళప్ప ఒక్కడే. ఆ రోజు నుంచి చెంబులోకి నీళ్ళు వంచుకుంటే చాలు, ఆ శబ్దంలో చిన్నన్న గొంతు వినిపిస్తుంది. పక్కవాళ్ళు వంచినా సరే. భయమంటే అది. పిస్తోలు చూస్తే పుట్టే భయం దాని ముందు ఏపాటిది?

* * *

శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఎస్టేట్ చేరాడు మిస్టర్ రావు. దారి పొడుగునా వేరుశనగ చేలు అరచెయ్యి ఎత్తు కూడా లేవక ముందే మాడిపోయి ఉన్నాయి. పశువులు లేని దొడ్లు. తాళాలు పడిన ఇళ్ళు. ఎస్టేట్ గేటు బయట చీఫ్ పంపిన బోరు లారీ దడదడమని నేలను తొలుస్తోంది. ఉత్త దుమ్ము. అయినా జనం చుట్టూ నిలబడి ఆ దుమ్మునే చూస్తున్నారు.

పీపాల షెడ్డులో చల్లగా ఉంది. పదహారు పీపాలు, నంబర్లు వేసి ఉన్నాయి. ఏడో నంబర్ పీపా ముందర ఒక ముసలామె కూర్చుని ఉంది. చెక్కకు చెంప ఆనించి ఉంది.

"ఎవరవ్వా నువ్వు?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. "కూలి మనిషినప్పా. తిమ్మక్క అంటారు. ఈ పీపాలకు నీళ్ళు పోసే పని మాది." దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "సామీ, నువ్వు రేపు రుచి చూసే సారువంట కదా. ఈ ఏడోది మళ్ళీ ఎప్పుడు ఖాళీ అయితాది?"

"ఖాళీ అయితే నీకేమొస్తుంది?"

తిమ్మక్క చెప్పింది. పీపా ఖాళీగా పడి ఉంటే చెక్కలు ఎండి బీటలిస్తాయి. అందుకని సారా తోడేసినాక నీళ్ళు నింపి పెట్టాలి. వారానికోసారి ఆ నీళ్ళు మార్చి, పాత నీళ్ళు కిత్తనార చెట్లకు పోయమని బ్రూనో దొర ఆర్డరు. బ్రూనో ఎస్టేట్ కెమిస్టు.

"చెట్లకు పోసేదానికి మాకేమన్నా పిచ్చా అప్పా? ఊర్లో కడివెడు నీళ్ళ కోసం కొట్టుకు చస్తాండారు. ఎర్రగా ఉంటే ఏం, నీళ్ళు నీళ్ళే కదా. బిందెలకు పట్టుకోని ఇంటికి పోయినాము. ఆ పొద్దు ఒక గుక్క తాగినా. మా చిక్కన్న వచ్చినాడు."

"చిక్కన్న ఎవరు?"

"నా కొడుకు. పోయినేడు ఎండిపోయిన బావిలో పూడిక తీసేదానికి దిగినాడు. గట్టు ఇరిగి పైన పడింది." ఆమె కండ్లు తుడుచుకోలేదు. "వచ్చి నా పక్కన కూర్చున్నాడప్పా. ఒళ్ళంతా మన్ను. 'యాడికి పోయినావురా' అంటే 'ఈడనే ఉండానమ్మా' అన్నాడు. పొద్దు గుంకేదాకా మాట్లాడినా. అన్నీ చెప్పేసినా, ఇంట్లో నేను ఎవరికీ చెప్పనివి కూడా."

ఓబళప్పకు గుట్టు దొరికిపోయింది. మందు సారాలో లేదు, గ్లాసులో లేదు. పీపా చెక్కలోనే ఉంది! చెక్కకు పట్టించిన మందు, లోపల ఏది పోస్తే దాంట్లోకి ఊరుతుంది. సారా పోస్తే సారాలోకి, నీళ్ళు పోస్తే నీళ్ళలోకి. ల్యాబులో వందసార్లు చూసినా దొరకని సంగతి దప్పికగొన్న ముసలామె బిందెలో దొరికింది. అయితే ఆమె మాటొక్కటే చాలదు, రేపు నాలుక మీద రుజువు కావాలి.

"ఎన్నిసార్లు తీసుకుపోయినారు ఆ నీళ్ళు?"

"ఒక్కసారేనప్పా. దేవుని మీద ఒట్టు," అంది తిమ్మక్క. అని చూపు తిప్పుకుంది.

షెడ్డు తలుపు దగ్గర హైహీల్స్ చప్పుడైంది. స్లీవ్‌లెస్ బ్లౌజు, నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి పెదాలు. ఆ ఎండలో ఆ వేషం చూస్తే ఎవడికైనా కాళ్ళు ఆగిపోతాయి.

"మిస్టర్ రావు? నేను లీనా డిసౌజా. మిస్టర్ రఫాయెల్ సెక్రటరీ."

"ఈ ఎండకు ఐసు దొరుకుతుందా మిస్ లీనా?"

"హిందూపురం నుంచి రావాలి. వచ్చేలోపల సగం కరిగిపోతుంది."

కోడ్ సరిపోయింది, పక్కనున్నవాళ్ళు పోయినాక మాట్లాడుకుందామని దాని అర్థం. లీనా కోయిల. ఇంకొక సంగతి కూడా మీకు ఇప్పుడే చెప్పేస్తాను, దాచడం నాకిష్టం లేదు. ఆమె గోవా మనిషీ కాదు, డిసౌజా కూడా కాదు. క్యాతగానచెర్లు ఊరి ముత్తక్క. చిన్నన్న చెల్లెలు. అన్న దినాలైన మర్నాడు ఓబళప్ప ముందుకొచ్చి, "మా అన్న పని నాకియ్యి" అంది. కాదనే మొహం ఓబళప్పకు లేకపోయింది. రెండేళ్ళలో ఆమె ముఠా నడిబొడ్డున కూర్చుంది. అన్న ఎట్లా పోయాడని ఆమె ఒక్కసారే అడిగింది. రిపోర్టులో రాసిన లైనే ఆయన ఆమెకు చెప్పాడు.

తిమ్మక్క వెళ్ళిపోయినాక ముత్తక్క అద్దాలు తీసింది. మాట మారింది.

"ఓబళన్నా, వెనక్కి పో. నువ్వెవరో రఫాయెల్‌కు తెలిసిపోయిందేమో అని నాకు అనుమానంగా ఉండాది. రెండు దినాల నుంచి నన్నూ బ్రూనోనూ చూసే చూపు మారింది. మాలో ఎవరో ఒకరు మీ మనిషని పసిగట్టినాడు."

"నేను పోతే?"

"నీ మీద అనుమానం గట్టిపడతాది. తర్వాత నా మీద."

"మరింకేం. పోయేది లేదు," అన్నాడు ఓబళప్ప. ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె నవ్వితే అచ్చం చిన్నన్నే.

* * *

శనివారం పదకొండు గంటలు. పీపాల షెడ్డులోనే పొడుగాటి టేబుల్, తెల్లటి గుడ్డ, గ్లాసులు. ఒక పక్క ముత్తక్క చేతిలో కూజా. ఇంకొక పక్క బ్రూనో, బట్టతల, చెమట. ఎదురుగా రఫాయెల్, తెల్ల సూటు. తెలుగు నేర్చుకున్నాడు గానీ ఏ పాత పుస్తకంలో నేర్చుకున్నాడో!

"మీ ఆగమనము మాకు మిక్కిలి సంతోషదాయకము, మిస్టర్ ఓబళప్ప. మీ ఆఫీసు గుట్టు మా అతిథులే చెప్పిపోయిరి. దయచేసి మీ అంగిలి తీసి బల్లపై ఉంచుడు."

రఫాయెల్ చేతిలో పిస్తోలు ఉంది. అంగిలి తీసి గుడ్డ మీద పెట్టాడు. మీసం పీకి పక్కన పెట్టాడు. రఫాయెల్ జేబులోంచి పెన్ను లాగి, అటూ ఇటూ చూసి, మామూలు పెన్నే అనుకుని టేబుల్ మీద పడేశాడు. పెన్ను పనిచేస్తూనే ఉంది. ఒక్క మాట అంటే చాలు, టీమ్ లోపలికొస్తుంది.

"బయట మీ వారు ఉండవచ్చును," అన్నాడు రఫాయెల్. "రానిండు. తలుపు కదలిన మరుక్షణము వీరిరువురినీ కాల్చెదను. ఇరువురిలో ఒకరు ద్రోహి. రెండవవారు నష్టము. నేను భరింపగలను."

పిస్తోలు మొన ముత్తక్క మీదినుంచి బ్రూనో మీదికి, మళ్ళీ ముత్తక్క మీదికి తిరిగింది. పాపం బ్రూనో రెండు చేతులూ ఎత్తేశాడు. ముత్తక్క కూజా దించలేదు.

"ఈ విందు మీ కొరకే. కోయిల ఎవరో మీరే చెప్పెదరు. నాకు కాదు. మీ చనిపోయిన వానికి. లీనా, పోయుము. తరువాత మిత్రుని వలె నీవే ప్రశ్నింపుము. చచ్చినవాడు నా యాసలో మాటలాడిన ఇతడు నమ్మడు."

ముత్తక్క ఏడో నంబర్ పీపా బిరడా తిప్పి కూజా నింపింది. బంగారు రంగు సారా గ్లాసులోకి దిగింది. గ్లాసు అందించేటప్పుడు ఆమె చేతివేళ్ళు చల్లగా తగిలాయి. ఆమె కళ్ళలో ఒకటే మాట ఉంది. ఇంతేనా అన్నా, నా పని?

తప్పించుకునే దారి లేదు. ఓబళప్ప గ్లాసెత్తి నోరు నింపుకున్నాడు.

ముందు నాలుక కొన మీద కిత్తనార పచ్చితనం, ఉడికిన గడ్డ తీపి, వెనకే మిరియం ఘాటు, పొయ్యి పొగ. బాగా తీసిన సరుకు, ఒప్పుకోవాలి. ఇప్పుడు పీపా రావాలి. ఎర్ర వైన్ తాగి పెరిగిన చెక్క కదా, నేరేడు పండు వగరు రావాలి, ఆ చెక్క కమ్మదనం రావాలి, ఆ వెనకే మందు చేదు రావాలి. నాలుక పక్కలకు సారా జరిపాడు. కళ్ళు మూసుకుని కాచుకున్నాడు.

రాలేదు.

వైన్ లేదు. చెక్క ఉత్త పీచు. దాని వెనక నాలుక అంచున ఉప్పగా, సున్నంగా, పళ్ళు గారపట్టించే ఆ జిగట. ఈ రుచి ఎరగనిదా! పుట్టినప్పటి నుంచి తాగిన పావగడ బోరు నీళ్ళు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, నలభై సార్లయినా ఆ పీపాలో ఈ నీళ్ళు పోసి తోడి ఉండాలి. తిమ్మక్కా, ఎంత పని చేసినావే! దేవుని మీద ఒట్టా?

మింగేశాడు. గొంతు మండింది, అంతే. పక్కన ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. రెండేళ్ళుగా ఏ గొంతుకు భయపడి నిద్ర మానుకున్నాడో ఆ మనిషి రాలేదు. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి ఓబళప్పకు దిగులు ముంచుకొచ్చింది. వస్తాడనే ఎక్కడో ఆశ పెట్టుకున్నాడని అప్పుడే తెలిసింది.

రఫాయెల్ గడియారం చూశాడు. "వచ్చెనా?"

మందు పనిచేయలేదని తెలిస్తే రఫాయెల్‌కు మిగిలేది పిస్తోలే. ఇద్దరినీ కాల్చేస్తాడు. నటించక తప్పదు. ఓబళప్ప తల వేలాడదీశాడు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. పెదాలు వణికించాడు.

"చిన్నన్నా... వచ్చినావా?"

రఫాయెల్ సైగ చేశాడు. ముత్తక్క ఓబళప్ప చెవి దగ్గరికి వంగింది. గొంతు బరువు చేసుకుంది. అన్న యాస, అన్న నెమ్మది, అన్నీ ఆమెకు పుట్టుకతోనే ఉన్నాయి.

"వచ్చినా ఓబళా. నేనప్పా, చిన్నన్నను."

ఆమె అడగాల్సిన మాట ఒకటే, కోయిల ఎవరని. కానీ ముత్తక్క దాన్ని అడగలేదు. ఈ మనిషి మందులో ఉన్నాడు, ఇంక అబద్ధం చెప్పలేడు, ఇంకో నిమిషంలో నా పేరు చెప్తాడు, నేను చస్తాను. చచ్చేముందు మా అన్న సంగతి నాకు తెలియాల కదా! అనుకుని అడిగేసింది.

"ఆ పొద్దు నేనెట్ల చచ్చిపోయినా ఓబళా? నిజం చెప్పు."

ఓబళప్ప నోట్లో సిద్ధంగా ఉన్న నటన ఆగిపోయింది.

నిజం చెప్పాల్సిన పని లేదు. మందు లేదు, మత్తు లేదు, తల తేటగా ఉంది. రిపోర్టులో రాసిన ఆ లైనే మళ్ళీ చెప్పొచ్చు. చెప్పబోయాడు కూడా. నోరు తిరగలేదు.

"కడుపులో తగిలింది నీకు," అన్నాడు. "కిత్తనార గట్టుకు ఆ పక్క పడినావు. నేను ఈ పక్క. ముప్పై అడుగులు కూడా లేదు. వాళ్ళు ముగ్గురు నిన్ను చంపకుండా చుట్టూ కూర్చున్నారు, నీ కోసం ఎవడొస్తాడో చూద్దామని. నువ్వు గంటసేపు బతికినావు చిన్నన్నా. నీళ్ళు అడిగినావు. 'ఓబళా, నీళ్ళు' అన్నావు. నా నడుముకు నీళ్ళ సీసా ఉండె. నిండుగా."

ముత్తక్క చేయి కుర్చీ అంచును పట్టుకుంది.

"పార్ట్‌నర్ పడిపోతే బయటికి రాకూడదని రూలు ఉండాది కదా," అంది చిన్నన్న గొంతుతోనే.

"రూలు నాకు తర్వాత గుర్తొచ్చింది. ముందు భయమేసింది. ఉత్త భయం. కిత్తనార మట్ట ముల్లు చెంపలో దిగినా కదల్లేదు. నువ్వు పిలిచిందే పిలిచినావు. చివరికి పిలవడం మానుకున్నావు. అప్పుడు నాకు... అప్పుడు నాకు హాయిగా అనిపించింది చిన్నన్నా. థూ, నా బతుకు!"

ఓబళప్ప ఏడ్చాడు. ముక్కు కారేలా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన గోరంత కూడా లేదు. రఫాయెల్ తృప్తిగా తలాడించాడు. ఇటువంటి ఏడుపు అతను నాలుగుసార్లు చూశాడు. ముత్తక్క కళ్ళు పొడిగానే ఉన్నాయి. మొహం మాత్రం తెల్లబోయింది.

"ప్రశ్న!" అని గుసగుసలాడాడు రఫాయెల్. "అసలు ప్రశ్న!"

ముత్తక్క పెదాలు తడుపుకుంది. "ఓబళా, మనోళ్ళ కోయిల ఎవరప్పా?"

ఇంత నిజం చెప్పిన నోటిని ఇంకెవడు అనుమానిస్తాడు? ఓబళప్ప ఖాళీ కుర్చీ వైపే చూస్తూ, ముక్కు తుడుచుకుంటూ, నిద్రలో మాదిరి అన్నాడు.

"బ్రూనో."

బ్రూనో కెవ్వుమన్నాడు. వాళ్ళ భాషలో ఏవేవో తిట్లు. పిస్తోలు అతని వైపు తిరిగింది.

"అబద్ధము! అబద్ధము!" అని అరిచాడు బ్రూనో. "నాకు పోయుడు! నేను తాగెదను! నా మందు నన్నే అడుగనిండు! నేను అబద్ధమాడనని తెలియును!" ముత్తక్క కూజాలోంచి పోసిన గ్లాసు అందుకుని పూర్తిగా వంచుకున్నాడు. అందరూ అతని వైపే చూశారు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి. బ్రూనో తన ఇంట్లో చచ్చినవాళ్ళందరి పేర్లూ పెట్టి పిలిచాడు. ఒక్కరూ రాలేదు. అతని మొహంలో రంగు పోయింది.

"పనిచేయుట లేదు," అన్నాడు నోరు తెరుచుకుని. "ఇందులో ఏమియు లేదు!"

"నీవే తీసివేసితివి," అన్నాడు రఫాయెల్ చాలా నిదానంగా. "పీపాకు మందు పట్టించునది నీవొక్కడివే. కోయిలవు నీవే." పిస్తోలు పేలింది. బ్రూనో భుజం పట్టుకుని పీపాల మీదికి కూలబడ్డాడు.

పొగ తేలింది. రఫాయెల్ కనుబొమలు ముడిపడ్డాయి. మెల్లగా ఓబళప్ప వైపు తిరిగాడు. అతనికి లెక్క అందింది.

"ఇందులో మందు లేనిచో... మీరు తాగినది ఏమి?"

పిస్తోలు లేచింది. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంటోంది. సరిగ్గా అప్పుడు కూజాలోని టెకీలా అంతా రఫాయెల్ కళ్ళలో పడింది. కూజా కూడా వెంటనే వెళ్ళి నెత్తి మీద పడింది. ముత్తక్క విసరడంలో మొహమాటపడే మనిషి కాదు. తూటా పైకప్పులోకి పోయింది.

"నీళ్ళు పడినాయి!" అని పెన్ను మీదికి వంగి గొంతు చించుకున్నాడు ఓబళప్ప. "నీళ్ళు పడినాయి! నీళ్ళు పడినాయి!"

బోరు లారీ దగ్గర టీమ్ ఒకడి నుంచి ఒకడికి ఆ మాటే అరుచుకుంటూ తుపాకులు తీసింది. కానీ వాళ్ళకంటే ముందు ఇంకొకళ్ళు పరిగెత్తారు. ఆ మాట ఊరంతా విన్నది. మూడేళ్ళుగా ఆ మాట కోసమే కాచుకున్న ఊరు కదా! నిమిషంలో నలభై మంది ఆడవాళ్ళు బిందెలతో, కడవలతో, తపేలాలతో ఎస్టేట్ గేటు తోసుకుని, గొంతు వినిపించిన షెడ్డులోకే వచ్చి పడ్డారు.

కళ్ళు మండుతూ తలుపు వైపు దూకిన రఫాయెల్ సరాసరి ఆ బిందెల మధ్యకు పోయాడు. "తొలగుడు! దారి ఇండు!" అన్నాడు. ఆ తెలుగు ఎవరికీ పట్టలేదు. "యాడప్పా నీళ్ళు? యాడ పడినాయి?" అని వాళ్ళే అతని సూటు పట్టుకుని అడిగారు. ముందుకు పోనివ్వలేదు, వెనక్కి రానివ్వలేదు. టీమ్ వచ్చి సంకెళ్ళు వేసేటప్పటికి అతను బిందెల మధ్య కూర్చుండిపోయి ఉన్నాడు.

నీళ్ళు పడలేదని వాళ్ళకు చెప్పాల్సి వచ్చింది. ఎవరూ తిట్టలేదు. ఖాళీ బిందెలు చంకనెత్తుకుని కాసేపు అట్లాగే నిలబడి, ఒకరి వెనక ఒకరు తిరిగి పోయారు. ఓబళప్ప ఎన్నో ఆపరేషన్లు చేశాడు, ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

చివరగా తిమ్మక్క మిగిలింది.

"ఎన్నిసార్లు అవ్వా?" అని అడిగాడు.

"దినామూ," అంది ఆమె. "నలభై దినాలు. దొర పగలు నిద్రపోయినప్పుడల్లా. మా వీధి ఆడోళ్ళమంతా. ఎవరికి పోయినోళ్ళు లేరప్పా?" ఏడో నంబర్ పీపాను ఒకసారి తడిమింది. "మొదట్లో ఒక గుక్కకే వచ్చేవాడు. తర్వాత చెంబు తాగితే వచ్చినాడు. కడాకు బిందె తాగినా రాలేదు. సారా పోసి తోడితే మళ్ళీ వస్తాడేమో అని ఆశపడినా. మేమే అంతా తాగేసినాము."

* * *

బ్రూనోకు కట్టు కట్టి జీపెక్కించారు. పీపాలకు సీలు వేశారు. షెడ్డు బయట నీడలో ముత్తక్క హైహీల్స్ విప్పి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఓబళప్ప దగ్గరికి పోయి ఆగాడు.

"నీకు మత్తు ఎక్కలేదు," అంది ఆమె.

"లేదు."

"ఒక్క చుక్క కూడా ఎక్కలేదు. తెలివితోనే చెప్పినావు."

"ఆ."

"బ్రూనో పేరు అబద్ధం చెప్పినావు కదా. అది కూడా అబద్ధమే చెప్పింటే అయిపోయేది."

"చెప్పబోయినా ముత్తక్కా. నీ నోట్లో వాని గొంతు విన్నాక నాకు చేతకాలేదు."

ఆమె హైహీల్స్ ఒక చేతిలోంచి ఇంకొక చేతికి మార్చుకుంది. కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. గేటు బయట బోరు మిషన్ ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు మామూలుగానే వినిపించింది.

"నిన్ను నేనేమీ అనను. అనేదానికి నా దగ్గర ఏమీ లేదు. మా అమ్మ ఉండాది క్యాతగానచెర్లులో, నల్లమ్మ. వాడు నొప్పి తెలీకుండా పోయినాడని రెండేండ్లుగా ఊరందరికీ చెప్పుకుంటాది. ఆయమ్మకు నువ్వే చెప్పల్ల. నాకు చెప్పినట్లే. గంటసేపు అడిగినాడనే మాట కూడా. ఏదీ తాగకుండా పోయి చెప్పు."

"చెప్తా."

"ఎప్పుడు?"

"రెండు దినాల్లో... వచ్చే వారం..." అని నసిగి, ఆమె చూపు చూసి ఆగిపోయాడు. "రేపు పొద్దున్నే పోతా."

మర్నాడు ఉదయం ఎనిమిదికి హొసకోట బస్టాండులో ఓబళప్ప ఒక్కడే నిలబడి ఉన్నాడు. అంతకు ముందే చీఫ్ ట్రంకాల్ చేసి ఆపరేషన్ సూపర్ సక్సెస్ అన్నాడు, మెడల్ అన్నాడు, ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చిందన్నాడు. ఓబళప్పకు ఒక్క మాటా తలకెక్కలేదు. ముసలామె వాకిట్లో కూర్చుని ఉంటే ముందు ఏమనాలి, కూర్చోమంటే కూర్చోవాలా, చెంబుతో నీళ్ళిస్తే తాగాలా అని అదే ఆలోచన. పిస్తోలు గురిపెట్టినప్పుడు కూడా ఇంత భయపడలేదు.

ఆ క్యాతగానచెర్లు బస్సు దినామూ గంట తక్కువ కాకుండా లేటొస్తుందని స్టాండులో అందరూ చెప్పారు. ఆ ఒక్క రోజు టైముకే వచ్చింది.